మొదటి ముద్ద ఆమెదే

మొన్న మదనపల్లెలో తొలివాన పడింది. వాన వెలిశాక మా ఆయన వాకిట్లోకి వెళ్ళి, నడుం మీద చేతులు వేసుకుని, తన సొంతూరు కురబలకోట దిక్కుకు తిరిగి నిలబడ్డాడు. పెళ్ళయిన ఏటి నుంచీ తొలివాన పడిందంటే ఆయన చేసే పని ఇదే. కాసేపు అలా నిలబడి, తడిమట్టి వాసన పీల్చుకుని, "ఆదివారానికి ఆకు మొలస్తాది. వొదిన దగ్గిరికి పోదాం" అనేవాడు. మొన్న మాత్రం ఏమీ అనలేదు. ఆయన వదిన పోయి ఆరు నెలలైంది.

ఇక ఈ ఏటి నుంచి తొలివాన నాదే అనుకున్నాను. అనుకుని, కడుపులో మంట ఏమైనా తగ్గిందా అని చూసుకున్నాను. తగ్గలేదు. మనిషి నా వాకిట్లోనే ఉన్నాడు, మనసు మాత్రం ఇంకా ఆమె పొయ్యి దగ్గరే కూర్చుని ఉంది. చచ్చిపోయిన మనిషితో పోటీ ఏమిటే అని మా చెల్లెలు నవ్వుతుంది. ఆమె బతికున్నప్పుడే నేను ఒక్కసారైనా గెలిచి ఉంటే ఇప్పుడీ బాధ ఉండేది కాదు.

ఆమె మా బావగారి భార్య. నాకు తోడికోడలే అయినా వయసులో మా అమ్మకు చెల్లెలిలా ఉండేది, నేను అక్కా అని పిలిచేదాన్ని. ఆమె కాపురానికి వచ్చేసరికి మా అత్త పోయింది, మా ఆయన అప్పుడప్పుడే నడక నేర్చిన పిల్లవాడు. ఆమెకు పిల్లలు పుట్టలేదు. అందుకని ఆ ఇంట్లో ఉన్న ఒక్క పిల్లవాడూ ఆమె ఒడిలోనే పెరిగాడు. నేను కుప్పం నుంచి కోడలిగా వచ్చేసరికి నాకు మిగిలింది పుంగనూరు పశువుల ఆసుపత్రిలో పనిచేసే కాంపౌండరు. అలకలూ మారాములూ ఆమె దగ్గరే తీరిపోయాయి. నా మీద ఒక్కసారి అలిగిన పాపాన పోలేదు. అలిగితే బతిమాలుకోవాలని నాకెంత సరదాగా ఉండేదో ఆయనకు తెలియదు.

ఆమె నడిచేటప్పుడు తలెత్తేది కాదు. సిగ్గూ కాదు, నడుం వంగీ కాదు. చూపెప్పుడూ నేల మీదే. వానలు పడ్డాక బీళ్ళలో, గట్ల మీద, దిబ్బల పక్కన ఎవరూ విత్తకుండా మొలిచే ఆకులుంటాయి కదా, చెంచలాకు, దొగ్గలాకు, గురుగాకు, పొన్నగంటాకు, కామంచి, వాటి కోసం ఆ చూపు. బస్టాండులో బస్సు కోసం నిలబడి ఉన్నా గోడ వారకు వెళ్ళి వంగేది. చీరె చెంగు ఒడిగట్టుకుని, ఒక్కొక్క చిగురే తుంచి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, కళ్ళు మూసుకుని ముక్కు దగ్గర పెట్టుకునేది. తర్వాతే ఒడిలో వేసుకునేది. ఒక్క ఆకైనా వాసన చూడకుండా ఒడిలో పడేది కాదు.

"ఆకు కంటికి అబద్దం సెప్తాది పాపా, ముక్కుకు సెప్పదు" అనేది.

నన్ను పాపా అనేది. మా ఆయన్ని అబ్బోడా అనేది. ఆయనకు తల నెరిసినా అబ్బోడే.

కోసుకొచ్చిన ఆకును ఉడికించి, నీళ్ళు వంచి, రాతిచట్టిలో పప్పుగుత్తితో ఎనిపి, తెల్లగడ్డల తాలింపు పెట్టేది. వేడి రాగి సంగటి ముద్దకు గుంట చేసి అందులో ఆకు వేసి, పైన చెనిక్కాయ నూనె చుక్క వేసేది. అంతే. ఇంకేమీ లేదు అందులో. ఆ మాట నేను నలభై ఏళ్ళుగా చెప్తూనే ఉన్నాను. ఆయన వింటేగా. పెళ్ళయిన కొత్తలో పుంగనూరులో నేను మా పుట్టింటి పద్ధతిలో కీర వండాను. కుప్పంలో మేం ఆకుకూరను కీర అనే అంటాం. కొబ్బరి కోరి, కందిపప్పు కలిపి, ఘుమఘుమలాడేట్టు చేశాను. ఆయన కంచం ఖాళీ చేసి, "బాగుండాది" అన్నాడు. నా మొహం వెలిగిందో లేదో, "మా వొదిన అయితే..." అని మొదలుపెట్టాడు. ఆ తర్వాతి మాట నాకు గుర్తు లేదు. "మా వొదిన అయితే" వరకే నా చెవుల్లో పడింది. ఆ రోజు నుంచి ఆ మాట మా ఇంట్లో ఉప్పు డబ్బాలాగా రోజూ వాడకంలోనే ఉంది.

సరే, వండడం రాకపోతే కోయడమైనా నేర్చుకుందామని ఒక ఏడు నేనే అడిగాను.

"నేనూ వస్తా అక్కా బీడుకు."

"నీకెందుకు పాపా ఎండలో. నేనుండా కదా."

అదీ ఆమె రెండో మాట. ఏది అడిగినా "నేనుండా కదా" అనేది. ఆమె ఉంది కాబట్టే కదా నా ఏడుపు.

కుప్పంలో మా చెల్లెలి పెళ్ళి జరిగినప్పుడు ఆమె కూడా వచ్చింది. పట్టుచీర కట్టుకుని వచ్చిన మనిషి, ముహూర్తం దాటిందో లేదో కల్యాణమండపం వెనక ఖాళీ స్థలంలోకి పోయి, ఆ పట్టుచీర కొంగులోనే ఇంత ఆకు కోసుకొచ్చింది. మగపెళ్ళివాళ్ళు చూస్తున్నారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆమె నేరుగా వంటవాళ్ళ దగ్గరికి వెళ్ళి, ఒక పొయ్యి అడిగి, వంకాయ కూరలూ పాయసాలూ ఉన్నచోట ఆకు ఎనిపింది. మధ్యాహ్నం పంక్తిలో జనం ఆ ఆకు కోసమే అడిగి అడిగి వేయించుకున్నారు. అది కూడా ఓర్చుకున్నాను. కానీ సాయంత్రం మా అమ్మ, నన్ను కన్న మా అమ్మ, నా పక్కన కూర్చుని, "మీ తోడికోడలి సేతిలో ఏముండాదో మే, నాలిక మీద నుంచి పోతానే లేదు. నువ్వు ఇన్నేండ్లు ఆమె దగ్గిరుండి ఏం నేర్సుకున్న్యావు?" అంది. నేను లేచి వెనక గదిలోకి వెళ్ళి కూర్చున్నాను. ఆమె మాత్రం నా దగ్గరికి వచ్చి, "నీకు ఎత్తిపెట్టినా పాపా" అని ఆకు గిన్నె ఇచ్చింది. కోపంతోనే తిన్నాను. బాగుంది. అదే నా ఖర్మ.

ఒక్క విషయంలో మాత్రం ఆమెను తప్పు పట్టే సందు నాకు దొరికింది. మొదటినుంచీ ఆమె అందరికీ పెట్టి, చివర చట్టి అడుగున మిగిలింది తినే మనిషి. కరోనా వచ్చిపోయిన ఏటి నుంచి తీరు మారింది. ఆకు చట్టి దించగానే ముందు తన కంచంలో పెట్టుకునేది. ఒక ముద్ద తినేది. మెల్లగా నమిలేది. మాకు పెట్టేది కాదు.

"వొదినా, ఆకలైతాండాది" అని మా ఆయన అంటే, "ఉండప్పా, ఉప్పు సూస్తాండా" అనేది. ఉప్పు చూడడానికి ఎంతసేపు పడుతుంది? సంగటి చల్లారిపోయేది. ఊరి కబుర్లన్నీ ఎత్తుకునేది. ఎవరి గొర్రెలు ఈనాయి, ఎవరి బోరు ఎండిపోయింది, అన్నీ అయ్యాక, నీళ్ళు తాగి, అప్పుడు లేచి మాకు వడ్డించేది. వయసు పైబడితే జిహ్వచాపల్యం పెరుగుతుందని నేను మా ఆయన చెవిన వేశాను. ఆయన నన్నొక చూపు చూశాడు. అసలు నాకు మంట ఆ ముద్ద గురించి కాదు. ఆమె నమిలినంతసేపూ ఆయన ఆమె మొహంకేసే చూస్తూ కూర్చునేవాడు, బడి పిల్లవాడు సెలవు కోసం అయ్యవారి మొహం చూసినట్టు. నలభై ఏళ్ళలో నా మొహాన్ని అంతసేపు ఎప్పుడూ చూడలేదు.

మూడేళ్ళ కిందట తొలివాన ఆదివారం కూడా అలాగే వెళ్ళాం. అప్పటికి ఆయన రిటైరయ్యాడు, మేం మదనపల్లెకు వచ్చేశాం. మా బావగారు పోయి చాలాకాలమైంది. ఇంట్లో ఉన్నది మేం ముగ్గురమే. ఆమె ఆకు ఎనిపింది. ముందుగా తాను తినింది. కబుర్లు మొదలుపెట్టింది. ఆ రోజు కబుర్లు మరీ ఎక్కువయ్యాయని నేను లోపల్లోపల సణుక్కుంటూనే ఉన్నాను. ఉన్నట్టుండి ఆమె, "నాలిక పిడచ కట్టుకపోతాండాది పాపా, నీళ్ళీ" అంది. చెంబు ఇచ్చాను. నోటికి ఎత్తుకోబోయి చెవి పక్కన పోసుకుంది. తర్వాత గుమ్మం వైపు తిరిగి, ఎప్పుడో పోయిన మా బావగారితో, "ఎద్దుల్ని కట్టేసినావా?" అంది.

మా ఆయన లేచి ఆమె గడ్డం పట్టుకుని మొహాన్ని వెలుతురుకు తిప్పాడు. కంటిలో నల్లపాప గుడ్డంతా పరుచుకుని ఉంది. ఒళ్ళు కాలిపోతోంది, చెమట చుక్క లేదు. ఆయన చట్టి దగ్గరికి పోయి, మూలన పారేసిన కాడల్లో వెతికి ఒకటి తీశాడు. నలిపి వాసన చూశాడు.

"ఉమ్మెత్త" అన్నాడు. "దీన్ని గొర్రె కూడా ముట్టదు కదే."

దిబ్బ పక్కన కామంచీ, ఉమ్మెత్తా కలిసే మొలుస్తాయి. పువ్వో ముళ్ళకాయో వస్తే ఉమ్మెత్తను చిన్నపిల్లలు కూడా గుర్తుపడతారు. లేత మొలకల్లో మాత్రం కంటికి రెండూ ఒకటే. వాసనే తేడా. ఉమ్మెత్త నలిపితే కంపు కొడుతుంది. ప్రతి ఆకునూ వాసన చూసే మనిషి ఒడిలోకి అది ఎలా వచ్చిందో ఆ గడియలో మా ఇద్దరికీ బోధపడలేదు. ఆటో పిలిపించి, ఆ కాడలు కూడా కాగితంలో చుట్టుకుని, ఆమెను మదనపల్లెలో ఆసుపత్రికి తెచ్చాం.

ముక్కులో గొట్టం వేసి కడుపు కడిగారు. ఇంజెక్షన్లు ఇచ్చారు. ప్రాణభయం లేదని, విషం దిగేవరకు ఇలా మాట్లాడుతూనే ఉంటుందని, ఒంటరిగా వదలొద్దని సిస్టరమ్మ చెప్పింది. మంచానికి ఆ పక్క ఆయన, ఈ పక్క నేను కూర్చున్నాం. ఆమె కాసేపటికి దుప్పటి మీద వేళ్ళు ఆడించడం మొదలుపెట్టింది. చూస్తే ఆకు కోస్తోంది. దుప్పటి మీద లేని చిగురును తుంచి, వేళ్ళతో నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇది గురుగు... ఇది సెంచలాకు" అంటూ నా వైపు చెయ్యి చాపింది.

"ఒడి పట్టు పాపా."

నలభై ఏళ్ళు రానివ్వని బీడులోకి ఆ సాయంత్రం నన్ను పిలిచింది. నేను కొంగు పట్టాను. ఆమె కోసి కోసి వేసింది. సిస్టరమ్మ వచ్చి మందు మార్చడానికి పక్కకు లేవమంటే, కొంగు దులపకుండా అలాగే పట్టుకుని లేచాను. ఆమె చూస్తుందేమోనని.

ఆ తర్వాత ఆమె ఒట్టి చేతిని ఒట్టి అరచేతిలో ముద్ద కలిపినట్టు కలిపింది. ఆయన వైపు తిరిగింది.

"నోరు తెరువు అబ్బోడా. సల్లారిపోతాండాది."

అరవై దాటిన మనిషి, నెరిసిన మీసం, జేబులో కళ్ళజోడు. ముందుకు వంగి నోరు తెరిచాడు. ఆమె ఆ లేని ముద్దను ఆయన నోట్లో పెట్టింది. ఆయన నమిలాడు. మింగాడు కూడా. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, మళ్ళీ నోరు తెరిచాడు. విషం తిని ఒళ్ళు తెలియకుండా పడి ఉన్న మనిషిని చూస్తే జాలి కలగాలి. నాకు కుళ్ళు పుట్టింది. ఘుమఘుమలాడే వంట చేసి ఇన్నేళ్ళు కంచంలో పెట్టిన నాకు ఆయన ఎన్నడూ అలా నోరు తెరవలేదు. నా ఒడి నిండా లేని ఆకు, ఎదురుగా లేని ముద్ద తింటున్న మొగుడు. లేచి వెళ్ళిపోదామనిపించింది. ఒడిలో ఆకు ఒలికిపోతుందని కూర్చున్నాను.

రెండు రోజులకు ఆమెకు తెలివి వచ్చింది. ఆయన కాఫీకని కిందికి వెళ్ళినప్పుడు నన్ను దగ్గరికి పిలిచింది.

"నువ్వేమన్నా తిన్న్యావా పాపా ఆ ఆకు?"

"లేదక్కా. నువ్వు పెడితే కదా తినేదానికి."

"అబ్బోడు?"

"ఆయనా లేదు."

ఊపిరి పీల్చుకుంది. తర్వాత గోడ వైపు చూస్తూ చెప్పింది. కరోనా వచ్చిపోయినప్పటి నుంచీ ఆమె ముక్కుకు ఏ వాసనా తెలియడం లేదట. పూలూ తెలియవు, పేడా తెలియదు.

"మరి నలిపి సూస్తాండావు కదక్కా?"

"సెయ్యికి అలవాటు. ముక్కు దాంక పోతాది. ఆడేమీ లేదు."

"అట్లయితే కోసేది మానుకోవాల్సింది."

"వానకు అబ్బోడు వస్తాడు కదా పాపా. ఏమి పెట్టేది?" అంది. మళ్ళీ నా వైపు తిరిగి, "అందుకే ముందు నేను తిని సూస్తాండా. పెద్దదాన్ని, నాకేమైతే ఏమి. వాడికి సెప్పొద్దు. బయపడి తినకుండా పోతాడు" అంది.

ఆ ఒక్క మాట ఆయన చెవిన వేస్తే చాలు, నలభై ఏళ్ళ ఆకు ఆ రోజుతో సరి. నేను చెప్పలేదు. మంచితనమని అనుకోవద్దు. చెప్తే, తన కోసం అంత ప్రమాదానికి సిద్ధపడిందా అని ఆయన ఆమెను ఇంకా నెత్తిన పెట్టుకుంటాడని భయపడ్డాను.

ఆ మరుసటి తొలివానకు ఆమే కబురు పెట్టింది, నన్ను కాస్త ముందుగా రమ్మని. బీడులో నన్ను పక్కన పెట్టుకుని కోసింది. ఒక్కొక్క ఆకూ నలిపి నా ముక్కు దగ్గర పెట్టేది. "నీ ముక్కు నాకియ్యి" అనేది. నేను తలూపితే ఒడిలో వేసుకునేది. ఏ ఆకు వాసన ఏదో అలా నాకు తెలిసొచ్చింది. ఇంటికి వచ్చి ఎనిపాక మళ్ళీ కంచం ముందు తనే లాక్కుంది.

"నేను వాసన సూసినా కదక్కా. ఇంకా నా మీద నమ్మకం లేదా?"

"నమ్మకం లేక కాదు పాపా. నేనుండా కదా."

మళ్ళీ ముద్ద ఆమెదే, చూపు ఆమెదే. వాసన చూసింది నేను, పేరు ఆమెకు. ఈసారి ఉమ్మెత్త సంగతి తెలిసి కూడా ఆయన ఆమెను ఆపలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆమె కళ్ళలోకి చూస్తూ కూర్చున్నాడు. మరో ఏటి తొలివాన కూడా అలాగే గడిచింది. తర్వాత చలికాలంలో, ఏ విషమూ లేకుండా, నిద్రలోనే పోయింది.

అందుకని మొన్న ఆయన ఏమీ అనకపోయినా, ఆదివారం పొద్దున నేనే సంచి తీసుకుని మా వీధి చివర ప్లాట్లు వేసి వదిలేసిన బీడుకు వెళ్ళాను. వంగి, తుంచి, నలిపి, కళ్ళు మూసుకుని వాసన చూసి కోశాను. ఒక మూల లేత ఉమ్మెత్త మొలకలు కూడా కనిపించాయి. నలిపి చూస్తే కంపు. వేళ్ళు చీరెకు తుడుచుకుని ముందుకు పోయాను. ఇంటికొచ్చి ఎనిపి, తాలింపు పెట్టి, సంగటికి గుంట చేసి, ఆయన ఎదురుగా కూర్చున్నాను. ఆయన కంచం ఖాళీగానే ఉంచి నా కంచంలో ఆకు వేసుకున్నాను. ముద్ద ఎత్తాను.

ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు.

"నువ్వుండు. ముందు నేను తింటా."

పెళ్ళయిన నాటి నుంచి నేను ఎదురుచూసిన మాట అదేనేమో. సంతోషించాల్సింది పోయి, నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"అక్కను ఒక్కసారైనా ఇట్ల పట్టి ఆపినావా?"

"లేదు."

"ఆమెకు వాసన తెలీదని తెలుసునా నీకు?"

"తెలుసు" అన్నాడు. "కరోనా ఏడే తెలుసు. పాలు పొంగి ఇల్లంతా కమురు కంపు కొడతాంటే, పొయ్యి పక్కనే కూసోని నాతో మాట్లాడతాండాది."

"ముందు తినేది ఎందుకనో తెలుసునా?"

"అది ఆస్పత్రిలో అర్తమయింది. ఆ పైన ఆపితే ఆకు కోసేదే మానేస్తాది. అది కూడా మానేస్తే ఆమెకేముండాది?"

"అంతా తెలిసి ఆమె సేతి ఆకు తిన్న్యావా?"

"వొదిన పెడితే తినకుండా ఎట్ల ఉంటా?" అన్నాడు, ఇందులో అడగడానికి ఏముందన్నట్టు.

ఒళ్ళు భగ్గుమంది. వాసన తెలియని చేతిని కళ్ళు మూసుకుని నమ్మాడు. ఒక్కొక్క ఆకునూ వాసన చూసి కోసిన నా చేతిని పట్టి ఆపుతున్నాడు. నా మీద ప్రేమతో ఆపాడో, నా ఆకు మీద అనుమానంతో ఆపాడో ఆ మనిషిని అడిగినా చెప్పలేడు. నేను మణికట్టు విడిపించుకుని ముద్ద నోట్లో పెట్టుకున్నాను.

ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. నా కళ్ళలోకి చూడడం మొదలుపెట్టాడు. పక్కకు తిప్పకుండా, రెప్ప వేయకుండా, నా కళ్ళలోకే. నేను ఆమెలాగే మెల్లగా నమిలాను. సంగటి చల్లారిపోతోంది. మింగితే ఆ చూపు ఎక్కడ పోతుందోనని ఇంకాసేపు నములుతూనే కూర్చున్నాను.